పెన్సిల్ కంటే ముందు: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇంట్లో చేతిపనులు

(తిరుపతిలో చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలతో పాటు అవ్వలూ తాతలూ కూడా చాలామంది వచ్చారు. పగలంతా పిల్లకాయల్ని చూసుకునేది ఎన్నో ఇళ్లలో మీరే కాబట్టి ఈ మాటలు ముందు మీకే చెప్పాలి.

మూడేళ్లు నిండీ నిండకముందే ‘మావాడు ఇంకా అఆలు దిద్దడం లేదే’ అని బెంగ మొదలవుతుంది. పలక కొంటారు, బలపం చేతికిస్తారు, చేయి పట్టుకుని దిద్దిస్తారు. బిడ్డ ఏడుస్తుంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల వయసుకు వాటిలో సగం కూడా ఎముకగా గట్టిపడి ఉండవు, మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థే. అందుకే ఆ వయసులో బలపాన్ని గుప్పిట్లో పట్టుకుని, భుజం నుంచి చేయంతా ఆడించి గీస్తారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడూ కలిపి పట్టుకోవడం, మణికట్టు కదలకుండా వేళ్లతోనే గీయడం మెల్లగా వచ్చే పని. బలవంతంగా దిద్దిస్తే త్వరగా రాదు. ఆ మూడు వేళ్లకు దండిగా పని తగిలితే వస్తుంది.

చిన్నపిల్లల చదువుకు తనదైన పద్ధతి రూపొందించిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి టీచర్లకు పాఠాలు చెప్పారు. ఆమె పద్ధతిలో పిల్లలు చెక్కదిమ్మెలను తీసి గుంటల్లో పెడుతుంటారు. ఒక్కో దిమ్మెకు చిన్న పిడి ఉంటుంది, అది మూడు వేళ్లతో పట్టుకునేంతే ఉంటుంది. రాతకు వేళ్లను సిద్ధం చేయడం అక్కడే మొదలవుతుంది. ఆ సామాను ఖరీదు ఎక్కువ. కొనలేకపోయామని బాధపడొద్దు, మన వంటింట్లో మూడు వేళ్ల పనికి కొదవ లేదు.

నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. పని బిడ్డది, తయారీ మీది. పిండి ఎంత గట్టిగా ఉండాలి, కాగితం ఎంత వెడల్పు ఉండాలి, గింజలు ఎన్ని పెట్టాలి, ఇవన్నీ మీరు ముందే చూసి పెడితే బిడ్డ తనంతట తాను చేసుకుంటుంది. తయారీ సరిగా లేకపోతే చివరికి పని మీ చేతికి వస్తుంది, బిడ్డ పక్కన కూర్చుని చూస్తుంది. పిల్లలు ‘నాకు రాదు’ అనడం ఎక్కువగా అక్కడే నేర్చుకుంటారు.

మన చిత్తూరు వైపు చలికాలం మొదలైతే అనపకాయలు వస్తాయి, పితికిపప్పు చేస్తాం. రాత్రి నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే పొట్టు ఒక పక్క, పప్పు ఒక పక్క వస్తాయి. వేళ్లకు ఇంతకంటే మంచి కసరత్తు ఏ బొమ్మల అంగట్లోనూ దొరకదు. ఇందులో తయారీ ఏమిటంటే నానడం. రెండు మూడు గంటలే నానితే పొట్టు పప్పును వదలదు, బిడ్డ నొక్కీ నొక్కీ విసిగిపోతుంది. రాత్రంతా నాననివ్వండి. మొదటి రోజు ఇరవై గింజలు చాలు. రెండు గిన్నెలు పెట్టండి, ఒకటి పొట్టుకు, ఒకటి పప్పుకు. గింజను అడ్డంగా నడుమ పట్టుకుని నొక్కితే పప్పు చితుకుతుంది, ఒక కొస దగ్గర పట్టుకుంటే జారి బయటికి వస్తుంది. మాటలతో వివరించకుండా మెల్లగా ఒకటి రెండు చేసి చూపించి మీ చేతులు వెనక్కి తీసుకోండి. పచ్చి గింజలు నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూసుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. చెనక్కాయ గింజలు, శనగలు, అలసందలు, పూసలు, గుండీలు ఇవన్నీ చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడగలవు. పది రూపాయల నాణెం అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. దానంత ఉన్నవీ, దానికంటే కాస్త పెద్దవీ కూడా ప్రమాదమే. మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఇంట్లో పాకుతుంటే గింజల పని బల్ల మీదే చేయించండి, అయిపోయాక లెక్కపెట్టి డబ్బాలో వేయండి. నాలుగైదేళ్ల లోపు వాళ్లు గట్టి గింజలతో ఆడుతుంటే పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే. గింజ ముక్కులోకో చెవిలోకో పోతే పిన్నుతోనో అగ్గిపుల్లతోనో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. నీళ్లూ పోయొద్దు, తడి తగిలితే గింజ ఉబ్బుతుంది. నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

ఇక పిండిముద్ద. అంగట్లో దొరికే రంగు క్లే కంటే ఇంట్లో చేసుకునేది మెత్తగా ఉంటుంది, ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చు. ఒకే గ్లాసుతో కొలవండి. మైదా ఒక గ్లాసు, మెత్తటి ఉప్పు అర గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు, నూనె ఒక పెద్ద చెంచా, నిమ్మరసం ఒక పెద్ద చెంచా. ముందు ఉప్పును నీళ్లలో పూర్తిగా కరిగించండి. గళ్లుప్పు వేసి తొందరపడితే ముద్దలో పలుకులు మిగిలి వేళ్లకు గుచ్చుకుంటాయి. మైదాలో ఆ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలిపి, నూనె, నిమ్మరసం చేర్చి, సన్నటి మంట మీద గరిటెతో తిప్పుతూ ఉండండి. మొదట పలుచగా ఉంటుంది, తర్వాత అడుగు పట్టినట్టు ముద్దలు కడుతుంది, మూడు నుంచి ఐదు నిమిషాల్లో గిన్నె అంచు వదిలి ఒకే ముద్దగా వస్తుంది. అప్పుడే దించాలి. ముందే దించితే చేతికి అంటుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే చల్లారాక పొడిపొడిగా విరుగుతుంది. గోరువెచ్చగా అయ్యాక రెండు నిమిషాలు బాగా పిసకండి. పొయ్యి దగ్గర పని మీదే, పిసికే పని బిడ్డకు ఇవ్వచ్చు.

రాగిపిండితో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. రాగిలో సాగే గుణం లేదు, సంగటి ముద్ద చేసినంత సులభంగా బొమ్మ నిలవదు, పగులుతుంది. గోధుమపిండి పనికొస్తుంది కానీ త్వరగా పాడవుతుంది. రంగుకు పసుపు వేయండి. నిమ్మరసం ఉంది కాబట్టి పసుపు పచ్చగానే ఉంటుంది. బీట్‌రూట్ నీళ్లు వేస్తే మొదట బాగుంటుంది, నాలుగు రోజులకు వెలిసిపోతుంది.

మూత బిగువుగా ఉండే డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు వస్తుంది. మన ఊళ్లో కాలాన్ని బట్టి ఇది మారుతుంది. నవంబరులో తుపాను వానలు పడే రోజుల్లో ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ముద్ద జిగటగా అవుతుంది. ఒక చెంచా పొడి మైదా చల్లి పిసికితే సరిపోతుంది. మే నెలలో అరగంట బయట ఉంటే పైన పొర కడుతుంది. అప్పుడు చేయి తడుపుకుని పిసకాలి. నీళ్లు నేరుగా పోస్తే పైన బంక, లోపల గట్టి అవుతుంది. వాసన మారినా, బూజు చుక్క కనబడినా పారేయండి. నాలుకకు తగిలితే ఉప్పగా ఉండి పిల్లలే ఉమ్మేస్తారు, కానీ ముద్దలు ముద్దలుగా మింగితే అంత ఉప్పు చిన్న ఒంటికి మంచిది కాదు. ఇంట్లో కుక్క ఉంటే దానికి అసలు అందనివ్వకండి.

ముద్దతో ఏం చేయించాలి? ఏమీ చేయించకండి. మొదటి వారం వాళ్లు గుచ్చుతారు, చించుతారు, ఉండ చేసి బల్లకేసి కొడతారు. అదంతా పనే. తర్వాత పాము చేయడం చూపించండి. అరచేతితో ముందుకూ వెనక్కీ దొర్లిస్తే పాము సాగుతుంది. మొదట్లో నడుమ సన్నమై తెగుతుంది, ఎందుకంటే ఒకేచోట నొక్కుతారు. రెండు చేతులూ వాడి నడుమ నుంచి కొసలకు జరుపుతూ పోవాలి. పెన్సిలంత మందాన పాము తెగకుండా వచ్చిందంటే చేతిలో పట్టు సమంగా ఉందన్నమాట.

ఆ పాముతో అక్షరాలు చేయొచ్చు. మన లిపి గుండ్రటిది కాబట్టి పిండిపాముకు బాగా లొంగుతుంది. పాము రెండు కొసలూ కలిపితే సున్న. దాని మీద తలకట్టు పెడితే ర. ఆ ర లోపల చిన్న ఉండ పెడితే ఠ. అ, ఆ లతో మొదలుపెట్టాలన్న నియమం చేతికి లేదు. మెలికలు ఎక్కువున్న అక్షరాలు కదా అవి, చేతికి అవి చివర రావాలి. నాలుగేళ్ల బిడ్డ పిండితో ర చేసి, వేలితో దాని మీద తడుముకుంటూ పోతే, ఆరు నెలల తర్వాత పలక మీద అదే దారిలో బలపం పోతుంది.

బంకమట్టి సంగతి కాస్త వివరంగా చెబుతాను. వినాయక చవితి ముందు ప్రతి ఇంట్లో ఒక బొమ్మైనా బిడ్డ చేత్తో చేయించాలని నా కోరిక. మట్టిపనికి పేరుపొందిన పలమనేరు మన పక్కనే ఉంది. చెరువు మట్టి తెచ్చుకుంటే మొదట ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, రాళ్లూ వేర్లూ తీసేయాలి. తర్వాత నీళ్లు చిలకరించి ఒక రాత్రి తడిగుడ్డ కప్పి ఉంచి, పొద్దున పిసకాలి. మట్టి బాగుందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. పెన్సిలంత పాము చేసి వేలి చుట్టూ చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే సిద్ధం. పగుళ్లు వస్తే తడి చాలలేదు, లేదా ఇసుక ఎక్కువుంది. చేతికి అంటుకుంటే తడి ఎక్కువైంది, కాసేపు పాత గుడ్డ మీద పరిచి ఉంచండి.

చిన్న వినాయకుడికి అరకిలో మట్టి చాలు. ఉండలు మీరు విడదీసి ఇవ్వండి. బత్తాయంత ఉండ బొజ్జకు, నిమ్మకాయంత ఉండ తలకు, ఉసిరికాయలంతవి నాలుగు కాళ్లూ చేతులకు, రేగుపండంతవి రెండు చెవులకు, చిటికెనవేలంత పాము తొండానికి. పెద్దది ఏది, చిన్నది ఏది, ఎన్ని ఉన్నాయి అన్న లెక్క ఇక్కడే జరిగిపోతుంది, వేరే పాఠం అక్కర్లేదు. చాలామంది బొమ్మలు మరుసటి రోజుకే తొండం ఊడి కింద పడతాయి. నున్నటి మట్టి మీద నున్నటి మట్టిని ఊరికే అతికిస్తే ఎండేకొద్దీ విడిపోతుంది. అతికే రెండు చోట్లా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, నీళ్లలో కలిపిన చిక్కటి మట్టిపులుసు పూసి, నొక్కి, అతుకు మీద వేలితో రుద్దాలి. ఆ గీతలు గీసే పని పిల్లలకు మహా ఇష్టం, అది వాళ్లకే ఇవ్వండి.

ఎండబెట్టడంలో తొందర వద్దు. మన ఎండలో పెడితే పైభాగం ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, అందుకే బీటలు. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి, మొదటి రోజు పైన పలుచటి గుడ్డ కప్పండి. బొజ్జ రెండు సెంటీమీటర్ల కంటే మందంగా ఉంటే అడుగు నుంచి చెంచాతో కాస్త మట్టి తోడేయండి. రంగులు వద్దు. పసుపు, కుంకుమ బొట్టు చాలు. బకెట్లో నిమజ్జనం చేసి ఆ మట్టి కుండీలో పోసుకోవచ్చు.

ఇక ముగ్గు. మన ఆడవాళ్లు రోజూ వాకిట్లో వేసేది గొప్ప పాఠం. పిండిని మూడు వేళ్ల మధ్య పట్టుకుని, వదులుతూ, చేయి కదిపే ఆ పట్టునే కదా రేపు పెన్సిలుకు వాడేది! పిల్లలకు రాతిముగ్గు వద్దు, ఆ దుమ్ము ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. బియ్యప్పిండి ఇవ్వండి, అదీ కాస్త రవ్వగా ఉన్నది. మరీ మెత్తటి పిండి వేళ్లకు అంటుకుని గడ్డలుగా పడుతుంది. రవ్వపిండి ధారగా జారుతుంది. వేళ్లు తడిగా ఉంటే అసలు జారదు, ముందు చేతులు తుడుచుకోవాలి. కళ్లాపి చల్లి కాస్త ఆరిన నేల అయితే పిండి కదలకుండా నిలుస్తుంది. గచ్చు నున్నగా ఉంటే పెద్ద పళ్లెంలో నల్లకాగితం పరిచి దాని మీద వేయించండి.

మొదట చుక్కలు మాత్రమే. అడుగు దూరంలో మూడు చుక్కలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి గీత. నాలుగేళ్లు దాటాక మూడు వరసల్లో మూడేసి చుక్కలు. ఐదేళ్లు దాటాక సందుచుక్క. ఐదు చుక్కల సందుచుక్క మూడు దాకా పెట్టామనుకోండి, నడుమ 5, పైన 4, 3, కింద 4, 3. మొత్తం 19. చుక్కలు బిడ్డే పెట్టాలి, పెట్టేటప్పుడు పైకి లెక్కపెట్టాలి. రెండు చుక్కల సందులోకి కింది చుక్క రావడం అన్నది కంటికి దొరకాలి, అది రోజులు పడుతుంది. చుక్కలు వంకరగా పడితే మీరు చెరిపి పెట్టొద్దు. గీత కలపబోయినప్పుడు కలవక, వాళ్లే గమనించి చెరుపుకుంటారు. మెలికల ముగ్గు ఆరేళ్ల తర్వాత చూద్దాం.

కాగితం, కత్తెర గురించి కొన్ని మాటలు. కత్తెర కంటే ముందు చించడం రావాలి. దినపత్రిక కాగితాన్ని పైనుంచి కిందికి చించితే గీత గీసినట్టు నేరుగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకరలు పోతుంది. కాగితంలో నారపోగులు ఒకే వైపు వాలి ఉంటాయి కాబట్టి అలా జరుగుతుంది. రెండు రకాలుగా చించి చూసుకోమని ఐదేళ్ల బిడ్డకు వదిలేయండి, తానే కనుక్కుంటుంది. కత్తెర మొన గుండ్రంగా, పొడవు 12, 13 సెంటీమీటర్లు ఉన్నది కొనండి. పలుచటి కాగితం ఇస్తే కత్తెర నడుమ మడతపడుతుంది. పాత పెళ్లిపత్రిక అట్ట సరైన మందం. దాన్ని ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా మీరు కోసి ఇస్తే, బిడ్డ ఒక్క కోత కోయగానే ముక్క తెగి పడుతుంది. మొదటి నెల అదే పని. గీత వెంట కోయడం తర్వాత. బొటనవేలు పైకి చూస్తూ ఉండాలి, మోచేయి పక్కకు లేస్తుంటే బల్ల ఎత్తు ఎక్కువైనట్టు.

ఎడమచేతి పిల్లలకు మామూలు కత్తెర తెగదు. అది కుడిచేతి వేళ్ల ఒత్తిడికి రెండు అలుగులూ దగ్గరయ్యేలా చేసింది, ఎడమచేత్తో నొక్కితే దూరమవుతాయి, కాగితం తెగకుండా మడత పడుతుంది. ఎడమచేతి కత్తెరలు దొరుకుతాయి, అడిగి కొనండి. చేయి మార్పించకండి. అన్నం కుడిచేత్తో తినమని నేర్పుకోవడం మీ ఇంటి పద్ధతి, పనిచేసే చేయి మాత్రం బిడ్డ మెదడు ఎంచుకున్నది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

అతికించడానికి జిగురు ఇంట్లోనే కాయండి. రెండు పెద్ద చెంచాల మైదాను అర గ్లాసు చన్నీళ్లలో కలిపి, మరిగే ఒక గ్లాసు నీళ్లలో పోస్తూ మూడు నిమిషాలు తిప్పాలి. చన్నీళ్లలో కలపకుండా నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. పోస్టర్ల గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు, అది విషం, పిల్లల గంజిలో వేయొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి.

మందారపూలు ఉన్న ఇంట్లో రంగుల పని చాలా సులభం. ఎర్ర మందార రేకును తెల్లకాగితం మీద గట్టిగా రుద్దితే ఊదారంగు పడుతుంది. ఆరాక దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే గులాబీ రంగవుతుంది, వంటసోడా నీళ్లు వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద సోడా నీళ్లతో బొమ్మ గీస్తే ఎర్రగా వస్తుంది, నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపు. పావు గ్లాసు నీళ్లకు ఒక చిన్న చెంచా సోడా చాలు. పసుపుకు సున్నం కలిపితే ఇంకా ఎర్రగా వస్తుందని మనకు తెలుసు, పారాణి అలాగే కదా. కానీ సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. పిల్లల దగ్గరకు దాన్ని తేవొద్దు. ఎప్పుడైనా పొరపాటున కంట్లో పడితే ఆగకుండా నీళ్లు పోసి కడుగుతూనే ఆసుపత్రికి పోవాలి.

ఇప్పుడు ఐదేళ్లు దాటిన పిల్లల కోసం, మన జిల్లా సొంతమైన పని ఒకటి. శ్రీకాళహస్తి కలంకారీ. అచ్చులతో అద్దడం మచిలీపట్నం వైపు పద్ధతి. మనది కలంతో చేత్తో గీసేది. ఆ కళలో జీవితమంతా గడిపిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు గుడ్డ మీద మొదట గీసుకునేది చింతపుల్లల బొగ్గుతో. అక్కడి నుంచే మొదలుపెట్టండి. పెన్సిలంత లావు ఎండు చింతపుల్లలను మూత ఉన్న చిన్న రేకు డబ్బాలో నిండా పేర్చి, మూతకు మేకుతో ఒక చిల్లు పొడిచి, నిప్పుల్లో పెట్టండి. చిల్లులోంచి పొగ రావడం పూర్తిగా ఆగాక తీసి, బాగా చల్లారాక మూత తీయాలి. వేడి మీద తీస్తే గాలి తగిలి బొగ్గు అంటుకుని బూడిదవుతుంది. ఆ పుల్ల మెత్తగా గీస్తుంది, గట్టిగా నొక్కితే విరుగుతుంది, అందుకే ఎంత నొక్కాలో చేతికి అదే నేర్పుతుంది. నచ్చకపోతే గుడ్డతో దులిపి మళ్లీ గీసుకోవచ్చు.

గుడ్డ సిద్ధం చేయడం ఇలా. గంజి లేని తెల్ల నూలుగుడ్డ, రుమాలంత ముక్కలు రెండు. కొత్తదైతే ఉతికి గంజి పూర్తిగా పోగొట్టాలి, లేకపోతే మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. నాటుమందుల అంగట్లో కరక్కాయ పొడి దొరుకుతుంది. రెండు పెద్ద చెంచాల పొడిని ఒక గ్లాసు నీళ్లలో కలిపి, వడకట్టి, అర గ్లాసు పచ్చి గేదెపాలు కలపండి. గుడ్డను అందులో పావుగంట నానబెట్టి, పిండి, ఎండలో పరిచి ఆరబెట్టండి. లేత పసుపు రంగు వస్తుంది. పాలు ఎందుకంటే, పాలలోని కొవ్వు వల్ల గీత గుడ్డ మీద పాకిపోకుండా నిలుస్తుంది. నీళ్లు కలిపిన పాలు పోస్తే గీత అంచులు చెదురుతాయి.

నల్లరంగును శ్రీకాళహస్తిలో ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టి చేస్తారు. ఇంట్లో సులువుగా కావాలంటే గాజు సీసాలో అర గ్లాసు వెనిగర్, ఎనిమిది పది తుప్పు మేకులు వేసి వారం ఉంచండి. మూత బిగించకండి, లోపల వాయువు పుడుతుంది, పలుచటి గుడ్డ కట్టి పిల్లలకు అందని అటక మీద పెట్టండి. తర్వాత వడకట్టాలి. చూస్తే ఎర్రటి నీళ్లే. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీయగానే నల్లబడుతుంది. పిల్లల కళ్లు అప్పుడు చూడాలి! కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపవుతాయి. గీత బూడిదరంగులో వస్తే మేకులు ఇంకో మూడు రోజులు నాననివ్వండి.

కలానికి జానెడు వెదురుపుల్ల మొన చెక్కి, మొనకు రెండు సెంటీమీటర్ల పైన ఉన్నిదారమో పాత గుడ్డపీలికో ఉసిరికాయంత ఉండగా చుట్టి దారంతో బిగించండి. ముంచినప్పుడు ఆ ఉండ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొన దాకా జారుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, నొక్కకపోతే గీత ఆగిపోతుంది. మూడు వేళ్లలో ఎంత బలం పెట్టాలన్నది ఇంత స్పష్టంగా కంటికి కనబడే పని ఇంకోటి లేదు. ముంచిన ప్రతిసారీ మొదట వేస్టు గుడ్డ మీద ఒక గీత గీసి, తర్వాతే అసలు గుడ్డ మీదికి పోవాలి. గుడ్డ బాగా ఆరి ఉండాలి. రంగు రెండు చెంచాలే ఇవ్వండి, చిన్న గిన్నె అడుగున పిండిముద్ద అతికించి పెడితే దొర్లిపోదు. ఈ నలుపు బట్టల మీద పడితే పోదు, పాత చొక్కా వేయండి. నోట్లో, కంట్లో పడకుండా పక్కనే కూర్చోండి. ఒక రోజు ఆరాక మామూలు నీళ్లలో జాడించండి.

(సభలో ఒక అమ్మ: మా పాప గీసిందేదీ గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. నేను కాస్త సరిదిద్దితే బాగుంటుంది కదా మేడమ్?)

వద్దమ్మా. మీరు ఒక గీత కలిపితే అది మీ బొమ్మ అవుతుంది, పాపకు ఆ సంగతి తెలుస్తుంది. ‘ఏమిటిది?’ అని కూడా అడక్కండి. ‘ఇక్కడ గుండ్రంగా తిప్పావు, ఇక్కడ గట్టిగా నొక్కావు’ అని కనిపించిందే చెప్పండి. తానే అదేమిటో చెబుతుంది. తేదీ రాసి ఒక అట్టలో పెట్టుకోండి. మూడు నెలల తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తే చేయి ఎంత మారిందో మీకే కనిపిస్తుంది.

(ఒక తాత: లెక్కలకు కూడా ఏదైనా చెప్పండమ్మా.)

మీ చేతిలోనే ఉంది తాతా, అష్టాచెమ్మా. చింతగింజలు నాలుగు తీసుకుని ఒక పక్క బండ మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. తడి చేసి అరగదీస్తే త్వరగా అరుగుతాయి. వేసినప్పుడు తెల్లవి ఒకటి పడితే 1, రెండైతే 2, మూడైతే 3, నాలుగూ తెల్లవైతే చెమ్మ, 4. ఒక్కటీ తెల్లది పడకపోతే అష్టా, 8. చిన్నవాళ్లకు గళ్ల ఆట మొత్తం అక్కర్లేదు. గోడ దాకా నేల మీద 20 గళ్లు గీసి, పడినన్ని గళ్లు కాయను నడపమనండి. నాలుగేళ్ల పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది, ఉన్న గడినే ఒకటి అని లెక్కపెడతారు. ‘కాయ ఎగిరిన తర్వాతే ఒకటి’ అని ఒక్కసారి చూపించండి, పది ఆటల్లో సర్దుకుంటుంది. గెలవడానికి వాళ్లకు తప్పుడు లెక్క వదిలేయకండి తాతా, అలాగని కోప్పడనూ కోప్పడకండి.

(ఇంకొక నాన్న: మావాడికి నాలుగేళ్లండి. ఏది ఇచ్చినా ఐదు నిమిషాలకే లేచి పోతాడు.)

నాలుగేళ్లకు ఐదు నుంచి పది నిమిషాలు మామూలే, వెనక్కి పిలిచి కూర్చోబెట్టకండి. అయితే ఒకసారి పళ్లెం చూడండి. ఎక్కువ వస్తువులు పెడితే చేయి దేని మీదికీ పోదు. ఒక పళ్లెంలో ఒకే పని ఉండాలి. రెండు గిన్నెలు, ఒక చెంచా, పిడికెడు బొరుగులు, అంతే. చెంచాతో ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పోయడం. బొరుగులు తేలిక, కింద పడితే చప్పుడు కాదు, ఊడ్చుకోవడం సులభం. అది తేలిగ్గా వస్తోందని తెలిశాక కందులు పెట్టండి, తర్వాత చిన్న చెంబుతో నీళ్లు. పళ్లెం వాడికి అందే కింది అరలో ఉండాలి, అడగకుండానే తీసుకునేలా. లేచి పోయినప్పుడు ‘పళ్లెం దాని చోట పెట్టి పో నాయనా’ అని మాత్రం చెప్పండి. మూడు రోజులు ముట్టకపోతే అది తేలికైనా అయ్యుండాలి, కష్టమైనా అయ్యుండాలి. గింజ మార్చి చూడండి, అప్పటికీ ముట్టకపోతే ఒక నెల దాచి మళ్లీ పెట్టండి.